పెట్రోలు తగ్గింపు ఎవరి జేబులోంచి?

అమెరికాలో క్రోగర్ సూపర్ మార్కెట్ ఆవరణలో ఉండే బంకులో కారు ఆపి, పంపు మీద ఫోన్ నంబరు నొక్కితే, పాయింట్లు వాడుకుంటారా అని తెర అడుగుతుంది. సరేనంటే గాలన్‌కు 3.19 డాలర్లున్న ధర కళ్లముందే 2.19కి దిగుతుంది. ఆ నెలలో కొన్న పాలు, గుడ్లు, ఉల్లిపాయల మీద వచ్చిన తగ్గింపు అది. 2022 జూన్‌లో అక్కడ పెట్రోలు సగటు ధర తొలిసారి గాలన్‌కు, అంటే సుమారు 3.8 లీటర్లకు, 5 డాలర్లు దాటినప్పుడు ఈ పాయింట్ల విలువ ఏమిటో చాలామందికి తెలిసొచ్చింది. ఒహాయో, జార్జియా, టెక్సస్ రాష్ట్రాల్లో ఉంటున్న మన పిల్లలకు ఇది నెలవారీ ఇంటి లెక్కల్లో భాగం.

ఈ ఆదా నిజమైనదే, వదులుకోవాల్సిన పని లేదు. కానీ సరుకులు కొన్నందుకు ఇచ్చే బహుమానాన్ని గాలన్ల లెక్కన పంచడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఎందుకో తెలియాలంటే ముందు లెక్క చూడాలి.

క్రోగర్‌లో ఒక డాలరు సరుకు కొంటే ఒక పాయింటు. 100 పాయింట్లకు గాలన్‌పై 10 సెంట్లు తగ్గుతాయి, 1,000 పాయింట్లకు ఒక డాలరు తగ్గుతుంది. ఒకసారి నింపుకునేటప్పుడు 35 గాలన్ల వరకూ ఈ తగ్గింపు వర్తిస్తుంది. టయోటా కరోలా లాంటి చిన్న కారులో 12 గాలన్లు పడతాయనుకుందాం. 1,000 డాలర్ల సరుకు కొన్న ఆ ఇంటికి దక్కేది 12 డాలర్లు, అంటే 1.2 శాతం. ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుల్లో కొన్నిటికి 36 గాలన్ల ట్యాంకు ఉంటుంది. అదే 1,000 డాలర్ల సరుకు కొని ఆ ట్రక్కు నింపుకునే వారికి 35 డాలర్లు మిగులుతాయి. ఇద్దరూ కొన్నది ఒకే బియ్యం, ఒకే నూనె. కట్టిన బిల్లూ ఒకటే. దక్కినదాంట్లో మాత్రం దాదాపు మూడు రెట్ల తేడా. పెట్రోలు పొదుపుగా వాడే హైబ్రిడ్ కారు కొన్నవారికి ఇంకా తక్కువ. కరెంటు కారు వారికి ఈ తగ్గింపుతో పనే లేదు.

ఇక అసలు కారే లేనివారి సంగతి. అమెరికాలో దాదాపు 8 శాతం ఇళ్లకు సొంత వాహనం లేదు. వారిలో వృద్ధులున్నారు, పేదలున్నారు, చదువుకోవడానికి వెళ్లిన మన విద్యార్థులూ ఉన్నారు. నలుగురు పిల్లలు ఒక అపార్టుమెంటులో ఉంటే వారిలో ఒకరికి పాత కారు ఉంటుంది. వారాంతంలో అందరూ అందులోనే సరుకులకు వెళ్తారు, కౌంటరు దగ్గర అందరి బిల్లుకూ ఆ కారున్న కుర్రాడి నంబరే కొడతారు. పాయింట్లు వృథా పోకుండా వాళ్లు వెతుక్కున్న దారి అది. అలాంటి స్నేహితుడు కూడా లేక బస్సులో వచ్చి సంచి మోసుకెళ్లే మనిషి కూడా అదే ధర కడతాడు. ఈ తగ్గింపులకయ్యే ఖర్చు ఆకాశం నుంచి ఊడిపడదు, సరుకుల ధరలోనే ఉంటుంది. అంటే బస్సెక్కేవాడు ట్రక్కు ట్యాంకు నింపడానికి తన వంతు చందా ఇస్తున్నట్టే.

దుకాణాలు పెట్రోలునే ఎందుకు ఎంచుకున్నాయో ఊహించడం కష్టం కాదు. ఒకటిన్నర శాతం రాయితీ అని బిల్లు మీద అచ్చేస్తే ఎవరూ తల తిప్పి చూడరు. గాలన్‌కు డాలరు తగ్గిందంటే పక్క వీధి వరకూ కబురు వెళ్తుంది. రోడ్డు పక్కన నిలువెత్తు అంకెలతో కనిపించే ధర పెట్రోలుదే మరి. పైగా ఆ ఫోన్ నంబరుతో ఏ ఇల్లు ఏ వారం ఏం కొన్నదో దుకాణానికి తెలిసిపోతుంది. సిన్సినాటిలో ఉన్న క్రోగర్‌కు ఈ వివరాలను విశ్లేషించడానికే ఒక అనుబంధ సంస్థ ఉంది. 2015లో ఏర్పడిన ఆ సంస్థకు ఆ నగరం రేఖాంశాన్నే పేరుగా పెట్టారు: 84.51. కొనుగోళ్ల సమాచారం ఆధారంగా సరుకుల కంపెనీలకు ప్రకటనలు అమ్మే వ్యాపారాన్ని క్రోగర్ 2017లో మొదలుపెట్టింది. మన హైదరాబాద్, విజయవాడ సూపర్ మార్కెట్లలోనూ బిల్లు వేసే ముందు నంబరు అడుగుతున్నారు కాబట్టి, ఆ నంబరుకు విలువ ఉందన్న సంగతి ఇక్కడివారూ గుర్తుంచుకోవడం మంచిది.

వాడుకునేవారు గమనించాల్సిన మెలికలు కొన్ని ఉన్నాయి. క్రోగర్ పాయింట్లు వచ్చిన నెల, ఆ మరుసటి నెల మాత్రమే చెల్లుతాయి. ఈ నెలవీ పోయిన నెలవీ కలిపి వాడటం కుదరదు. ఒక నెలలో 780 పాయింట్లు వస్తే 700 పనికొస్తాయి, మిగిలిన 80 పోయినట్టే. ట్యాంకు సగం ఉండగా వెళ్తే తగ్గింపులో సగం వదులుకున్నట్టే, ఖాళీ అయ్యేదాకా ఆగి వెళ్లాలి. పది సెంట్ల కోసం ఐదు మైళ్లు చుట్టు తిరిగితే రానూపోనూ పది మైళ్లకు గాలన్‌కు 25 మైళ్లిచ్చే కారు 0.4 గాలన్ తాగుతుంది. 12 గాలన్ల మీద మిగిలే 1.20 డాలర్లు ఆ దారిలోనే ఖర్చయిపోతాయి. పప్పులు, సోనామసూరి, గోంగూర ఇండియన్ స్టోర్‌లో చవగ్గా దొరుకుతుంటే పాయింట్ల కోసం వాటిని క్రోగర్‌లో కొనడం శుద్ధ నష్టం. ఒకటిన్నర శాతం కోసం పది శాతం ఎక్కువ పెట్టకూడదు కదా.

బాగా గిట్టుబాటయ్యేది క్రోగర్‌లో అమ్మే ఇతర దుకాణాల గిఫ్ట్ కార్డులతోనే. వీటికి మామూలుగా రెట్టింపు పాయింట్లు, కొన్ని వారాంతాల్లో నాలుగు రెట్లు ఇస్తారు. ఎలాగూ కొనాలనుకున్న ఫ్రిజ్ కోసం 500 డాలర్ల కార్డు నాలుగు రెట్లున్న రోజు కొంటే 2,000 పాయింట్లు వస్తాయి. గాలన్‌కు డాలరు చొప్పున రెండుసార్లు నింపుకోవచ్చు. చిన్న కారుకైనా 24 డాలర్లు మిగులుతాయి, దాదాపు 5 శాతం. కార్డు కవరు చిరిగి ఉన్నా, అంకెల మీది పూత గీకినట్టున్నా ముట్టుకోవద్దు. నంబర్లు ముందే రాసుకుని, డబ్బు పడగానే కాజేసే ముఠాలు అక్కడ చాలా ఉన్నాయి.

మెరుగైన పద్ధతి ఇప్పటికే అమల్లో ఉంది. న్యూజెర్సీ, న్యూయార్క్ ప్రాంతాల్లోని స్టాప్ అండ్ షాప్‌లో 100 పాయింట్లకు గాలన్‌పై 10 సెంట్లైనా తీసుకోవచ్చు, సరుకుల బిల్లులో ఒక డాలరైనా తగ్గించుకోవచ్చు. పది గాలన్లకు మించి పోయించుకునేవారు పెట్రోలు వైపు, తక్కువ పోయించుకునేవారు బిల్లు వైపు మొగ్గితే లాభం. కారు లేని ముసలావిడకూ డాలరు దక్కుతుంది. పాయింట్లిచ్చే ప్రతి దుకాణమూ ఈ ఎంపిక ఇవ్వాలి, బిల్లు కింద పాయింట్ల సంఖ్యతో పాటు వాటి విలువ డాలర్లలో అచ్చువేయాలి, మరుసటి నెల దాటగానే అవి చెల్లకుండా పోయే నిబంధన తీసేయాలి. వాహనం ఉన్నా లేకపోయినా ఆ సరుకులకు డబ్బు కట్టింది కొనుగోలుదారే.