బిడ్డకూ ఒక చోటు

“ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు మన పెద్దలు. ఆ సామెత పుట్టిన నాటికి మన దేశంలో రైళ్లు లేవు కాబోలు. ఉన్నట్లయితే “చంటిబిడ్డతో రైలెక్కి చూడు” అనే మూడవ పరీక్షను కూడ తప్పక చేర్చి ఉండేవారు.

దక్షిణ భారతదేశంలో తొలి ప్రయాణికుల రైలు 1856 జూలై 1వ తేదీన మద్రాసులోని రాయపురం నుంచి ఆర్కాటు దిశగా బయలుదేరింది. నాటి నుంచి నేటి వరకు మన తీర్థయాత్రలు, పెండ్లిండ్లు, ఆసుపత్రి ప్రయాణాలు అన్నీ ఈ ఇనుప దారి మీదనే సాగుతున్నాయి. ఆ ప్రయాణాలలో పసిపిల్లలు లేని పెట్టె ఉండదు. అయినను ఆ పిల్లలను ప్రయాణికులుగా లెక్కించే అలవాటు మనకు ఇంకా కలుగలేదు. పెట్టె, బుట్ట, నీళ్ల కూజా, వాటితోపాటు బిడ్డ! ఈ విషయమై నా అభిప్రాయాన్ని పాఠకుల ముందు ఉంచడానికి, నా స్వంత ప్రయాణాన్నే ఉదాహరణగా తీసుకొంటున్నాను. ఎందుకనగా ఇందులో దోషులలో మొదటివాణ్ణి నేనే.

నాగూరు దర్గా దర్శించాలని మా ఇంట చిరకాలపు మొక్కు. హజ్రత్ షాహుల్ హమీద్ పేరిట వెలసిన ఆ దర్గాకు మతభేదం లేకుండ జనులు వస్తారు. విజయవాడలో రాత్రి బండి ఎక్కి చెన్నై చేరి, సెంట్రల్ నుంచి ఎగ్మూరుకు మారి, చిదంబరం, మాయవరం, తిరువారూరుల మీదుగా నాగూరు వెళ్లవలెనని నిశ్చయించాము. ప్రయాణికులము నలుగురము: నేను, నా భార్య, ఆరేండ్ల అమ్మాయి, ఎనిమిది నెలల అబ్బాయి.

టిక్కెట్లు తీసుకొనే వేళ నాలోని లెక్కల మనిషి మేల్కొన్నాడు. ఐదేళ్లలోపు బిడ్డకు ప్రత్యేకంగా బెర్తు కోరనంతవరకు టిక్కెట్టు అక్కరలేదు. కనుక అబ్బాయితో చిక్కు లేదు. ఐదు నిండి పన్నెండు నిండని పిల్లలకు మా చిన్నతనంలో అర టిక్కెట్టు కొంటే పూర్తి బెర్తు ఇచ్చేవారు. 2016 ఏప్రిల్ 21 నుంచి ఆ పద్ధతి మారింది. బెర్తు కావలెనన్న పెద్దలతో సమానంగా పూర్తి చార్జీ చెల్లించవలెను. అర టిక్కెట్టుకు బెర్తు లేదు. ఈ మార్పు వలన ఏడేళ్లలో రైల్వేకు 2,800 కోట్ల రూపాయలకు పైగా అదనపు ఆదాయం వచ్చినట్లు 2023లో సమాచార హక్కు చట్టం కింద వెల్లడైంది. నేను మాత్రం తెలివిగా ఆ సొమ్ములో నా వంతు చెల్లించకుండ తప్పించుకొన్నాను. “తల్లి పక్కన పడుకొంటుందిలే” అని అమ్మాయికి అర టిక్కెట్టు కొన్నాను. మాకు దొరికినవి ఒక పై బెర్తు, ఒక మధ్య బెర్తు.

బండి కృష్ణా వంతెన దాటినంతసేపు అమ్మాయి కిటికీ చువ్వలు వదలలేదు. రాత్రి పది గంటలకు మధ్య బెర్తు ఎత్తి గొలుసులకు తగిలించాము. అప్పుడు ఆమె నన్ను అడిగింది: “అబ్బా, నాకు టిక్కెట్టు కొన్నారు గదా, మరి నా బెర్తు ఏది?”

నిబంధన ఏమిటో నాకు తెలుసు. కాని ఆరేండ్ల పిల్లకు దానిని న్యాయంగా తోచేటట్లు చెప్పడం నా చేత కాలేదు. “అమ్మీ దగ్గర పడుకో” అని చెప్పి పై బెర్తు ఎక్కి, ఫ్యాను గాలికి హాయిగా నిద్రించాను.

తెల్లవారుజామున గూడూరులో మెలకువ వచ్చి కిందకు చూచాను. మధ్య బెర్తు మీద అమ్మాయి ఒక్కతే నిద్రపోతున్నది. ఎదురెదురు బెర్తుల గొలుసులకు ఒక నూలు చీర ఉయ్యాలగా కట్టి ఉన్నది. అందులో అబ్బాయి. కింది బెర్తు చివర, ఒక వృద్ధురాలి పాదాల వద్ద, నా భార్య కూర్చొని ఆ ఉయ్యాల ఊపుతున్నది.

“నిద్రపోలేదా?” అన్నాను.

“ఉయ్యాల ఆగితే వాడు లేస్తున్నాడు. మీరు పడుకోండి” అన్నది.

జరిగిన సంగతి ఆ తరువాత తెలిసింది. మధ్య బెర్తు మీద ఇద్దరు పిల్లలను పెట్టుకొని పడుకొనడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పిల్లవాడు రెండుసార్లు అంచుకు దొర్లాడట. కింది బెర్తు మీదనున్న తమిళ వృద్ధురాలు అది గమనించి లేచి, తన సంచిలోనుంచి పాత చీర తీసి, “తొట్టిల్, తొట్టిల్” అంటూ స్వయంగా కట్టిందట. మా ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బయట తెలుగు. ఆమెకు తమిళం తప్ప మరొక భాష రాదు. అయినా ఆ ఒక్క మాట నా భార్యకు వెంటనే బోధపడింది. మనం తొట్టిల, తొట్టె అనేది అదే గదా. పాలను వారు ‘పాల్’ అంటారు. వారి ‘తణ్ణీర్’ మన తెలుగువారి ఇంటిపేర్లలో ‘తన్నీరు’ అయి నిలిచి ఉన్నది. ద్రావిడ భాషల సోదర సంబంధాన్ని గురించి నేను తరగతిలో ఎన్నో గంటలు చెప్పాను. ఆ రాత్రి నేను పైన నిద్రపోతుండగా కింద ఇద్దరు స్త్రీలు ఆ పాఠాన్ని ఒక చీరతో ముగించారు.

రెండవ కింది బెర్తు మీద ఒక యువకుడు ఉన్నాడు. చేతిలోని పుస్తకాలను బట్టి విద్యార్థి అని తెలుస్తున్నది. చెవులలో తీగలు పెట్టుకొని గోడవైపు తిరిగి పడుకొన్నాడు. అతణ్ణి నిందించను. చూచి ఉండడు, అడిగినవారూ లేరు. అడుగవలసినవాణ్ణి నేను. మొహమాటం అనుకొన్నాను. నిజానికి అది నిర్లక్ష్యం.

ఇక నిబంధనల సంగతి. స్లీపరు పెట్టె ఒక్కింటికి ఆరేడు కింది బెర్తులను వృద్ధులకు, నలుబదియైదేండ్లు నిండిన స్త్రీలకు, గర్భిణులకు కేటాయించారు. ఇది ఎంతయు ప్రశంసనీయం. కాని ఆ జాబితాలో చంటిబిడ్డ తల్లి పేరు లేదు. బిడ్డ కడుపులో ఉండగా లభించే హక్కు, ఆ బిడ్డ చేతికి వచ్చిన తరువాత, అనగా భారం రెట్టింపైన తరువాత, తొలగిపోతున్నది! 2022 మే నెలలో ఉత్తరాదిన లక్నో మెయిల్లో కింది బెర్తుకు ఆనుకొని మడిచి పెట్టుకోదగిన చిన్న శిశుబెర్తును ప్రయోగంగా అమర్చారు. ఊహ మంచిది. దక్షిణాదిన నేను ప్రయాణించిన బండ్లలో అట్టిది నా కంటబడలేదు. 2016 నాటి రైల్వే బడ్జెట్టులో స్టేషన్లలో పసిపిల్లలకు వేడిపాలు, వేడినీళ్లు దొరికే ఏర్పాటు చేస్తామన్నారు. అర్ధరాత్రి ఫ్లాస్కు పట్టుకొని ప్లాట్‌ఫారం మీద పరుగెత్తిన తండ్రులందరికీ ఆ వాగ్దానం విలువ తెలుసు.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. ప్రయాణ వ్యయంలో సగటున 57 శాతం మాత్రమే చార్జీల రూపంలో రాబడుతున్నామని రైల్వే కొంతకాలం టిక్కెట్ల మీదనే అచ్చువేసింది. నష్టానికి నడిపే బండిలో ఇంకా రాయితీలా అని అడుగవచ్చు. అడుగదగిన ప్రశ్నయే. అయితే కింది బెర్తు కేటాయింపునకు పైసా ఖర్చు లేదు. అది కేవలం వరుస మార్చడం. చార్జీ విషయంలో కూడ, పూర్తి చార్జీ ఇచ్చుకోగలవారి బిడ్డకే బెర్తు, ఇచ్చుకోలేనివారి బిడ్డకు తల్లి ఒడి అనే విభజన ఒక ప్రజాసంస్థకు తగదు. అర చార్జీకి పూర్తి బెర్తు పునరుద్ధరించడం కష్టమైతే, రాత్రి ప్రయాణాలకైనను మధ్యేమార్గంగా కొంత తగ్గింపు ఆలోచించవచ్చు.

పిల్లల ఏడ్పుతో తోటి ప్రయాణికుల నిద్ర చెడుతున్నదని మరొక ఫిర్యాదు. నిజమే. కాని చోటు చాలని బిడ్డయే ఎక్కువగా ఏడ్చేది.

విద్యార్థులారా! నిబంధనలు మారేవరకు మీరు చేయదగిన పని ఒకటున్నది. సెలవులకు ఇండ్లకు వెళ్లేటప్పుడు మీకు కింది బెర్తు వచ్చి, ఎదురుగా బిడ్డనెత్తుకొన్న తల్లి నిలిచి ఉన్నట్లయితే, ఆమె అడిగేదాక వేచి ఉండవద్దు. మన స్త్రీలలో చాలమంది అడుగరు. మీరే లేచి, “అమ్మా, మీరిక్కడ పడుకోండి” అనండి.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపం. వివాహానంతరం చదువు సాగిస్తున్న విద్యార్థినులు మనలో ఉన్నారు. విహారయాత్ర ప్రకటన వెలువడిన ప్రతిసారి వారు పేరు ఇవ్వరు. అడిగితే “ఇంట్లో చిన్నపిల్లలండీ” అంటారు. బిడ్డతో రావచ్చునని ప్రకటనలో ఒక్క వాక్యం చేర్చండి. ఐదేళ్లలోపు బిడ్డకు టిక్కెట్టే లేదు గనుక చార్జీల భారం పెరగదు. ముందుగా రిజర్వు చేసి వారికి కింది బెర్తులు చూడండి. చదువుకొనడానికి పంపిన కుటుంబాలు లోకం చూడడానికి కూడ పంపుతాయి.

తిరుగు ప్రయాణానికి చెన్నైలో అమ్మాయికి పూర్తి టిక్కెట్టు కొన్నాను. ఈసారి ఒక కింది బెర్తు కూడ దొరికింది. సాయంకాలపు వెలుగు ఇంకా ఉండగానే సూళ్లూరుపేట వచ్చింది. వారం రోజులు తెలియని అక్షరాల నడుమ తిరిగిన పిల్ల, బోర్డు మీది తెలుగు అక్షరాలను కూడబలుక్కొని పెద్దగా చదివింది. పది గంటలకు తన బెర్తు మీద తన దుప్పటి పరచుకొని, తమ్ముణ్ణి కూడ అక్కడికి రానీయకుండ పడుకొన్నది. అబ్బాయి కింది బెర్తు మీద గోడవైపున నిద్రపోయాడు. అర్ధరాత్రి నేను లేచి చూచాను. ఆ రాత్రి వారి తల్లి కూడ నిద్రపోయింది.