పిల్లలకు మన నోటితోనే చెబుదాం

నేలకొండపల్లిలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ఉన్న క్రైస్తవ కుటుంబాలన్నిటికీ ఒక్క మనవి చేసుకోవడానికి ఇది రాస్తున్నాను.

మన ఇళ్లలోకి విశ్వాసం ఎలా వచ్చిందో, ఎవరు తెచ్చారో, దాని కోసం ఎవరు ఏం పోగొట్టుకున్నారో మన పిల్లలకు తెలియదు. సండే స్కూలులో మోషే గురించి, దావీదు గురించి అడిగితే చేతులెత్తి పోటీపడి చెబుతారు. మీ ఇంట్లో మొదట బాప్తిస్మం తీసుకున్నది ఎవరని అడిగితే మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది వాళ్ల తప్పు కాదు. మనం చెప్పలేదు. చెప్పే పని అయ్యగారిదనీ, సండే స్కూలు టీచర్లదనీ, ఈ మధ్యనైతే సెల్‌ఫోనులో వచ్చే ప్రసంగాలదనీ వదిలేశాం.

మన ప్రాంతంలో సువార్త పాకింది ఈ పద్ధతిలో కాదు. దొరల పేర్లు పుస్తకాల్లో పెద్దగా ఉంటాయి గానీ, ఊరి నుంచి ఊరికి మాటను మోసింది కూలీనాలీ చేసుకునేవాళ్లే. కృష్ణా జిల్లా రాఘవాపురంలో పాగోలు వెంకయ్య అనే మాల పెద్ద ఉండేవాడు. ఆయన విగ్రహాలు వదిలేసి, పేరు కూడా తెలియని దేవుణ్ణి ‘నీవెవరో నాకు కనబరచు’ అని వేడుకుంటూ ఉండగా మిషనరీ డార్లింగ్ గారి సంగతి తెలిసిందంటారు. 1859లో ఆయనా ఆయన వాళ్లూ బాప్తిస్మం తీసుకున్నారు. ఆ తరువాత బతికినంతకాలం వెంకయ్య చుట్టూ ఉన్న పల్లెల్లో తన వాళ్లకు చెబుతూనే ఉన్నాడు. ఒంగోలు వైపు 1866లో బాప్తిస్మం పొందిన ఎర్రగుంట్ల పేరయ్య మాదిగ. తోళ్ల బేరానికి ఊరూరా తిరిగేవాడు. ఆ బేరం మీద వెళ్లిన ఇళ్లలోనే సువార్త చెప్పాడు. ఇద్దరూ జీతానికి చెప్పడం మొదలుపెట్టలేదు.

మన్యంలోనూ ఇంతే. గోదావరి మీద పడవల రాకపోకల పనులు చూసిన కెప్టెన్ హేగ్ అనే ఇంజినీరు 1860 ప్రాంతంలో దుమ్ముగూడెంలో కోయల కోసం పరిచర్య మొదలుపెట్టించాడు. అయితే ఆ కోయపల్లెల్లోకి అడుగుపెట్టి పని చేసింది తెలుగువాడైన వెంకట్రామరాజు. ఆ తరువాత వచ్చిన జాన్ కెయిన్ గారు కోయ భాష నేర్చుకుని సువార్తను వాళ్ల మాటలోకి తిప్పారు. భద్రాచలం దారిన పోయే ప్రతి విశ్వాసికీ ఈ సంగతి తెలిసి ఉండాలి.

ఇక డోర్నకల్ మనకు దూరమేమీ కాదు. ఖమ్మం నుంచి రైలెక్కితే కాసేపట్లో దిగుతాం. 1903లో తిరునెల్వేలి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకుని, పని చేయడానికి నిజాం రాజ్యంలోని ఆ ప్రాంతాన్ని ఎంచుకున్నారు. ఆ సంఘం పెట్టినవాళ్లలో ఒకడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1909లో తానే వచ్చి తెలుగు నేర్చుకున్నాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పు అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో బిషప్పు అయిన మొదటి భారతీయుడు ఆయనే.

అజరయ్యగారి గురించి ఇంత చెప్పడానికి కారణం ఆ పదవి కాదు. ఆయన పెట్టిన ఒక అలవాటు. బాప్తిస్మం తీసుకున్న ప్రతి మనిషి చేతా, చదువు రాని కూలి మనిషి అయినా సరే, తల మీద చెయ్యి పెట్టించి, నేను బాప్తిస్మం పొందినవాణ్ణి, సువార్త చెప్పకుండా ఉంటే నాకు శ్రమ అనే అర్థం వచ్చే మాట పలికించేవాడు. ఏటా సాక్ష్యపు వారం పెట్టి మామూలు విశ్వాసులను పక్క ఊళ్లకు పంపేవాడు. ఆయన భార్య అన్బు మరియమ్మాళ్ గారు పల్లెల్లో తల్లులను కూడగట్టారు. డోర్నకల్ అధ్యక్ష మండలం మొదలైనప్పుడు విశ్వాసులు వేలల్లోనే. కృష్ణా ప్రాంతం కూడా కలిశాక, ఆయన 1945 జనవరి 1న కన్నుమూసేనాటికి ఆ లెక్క రెండు లక్షలు దాటింది. ఇంత పనీ జీతగాళ్లయిన ఉపదేశులతోనే జరిగిందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

అలాంటి వాళ్ల మునిమనవలం మనం ఎందుకు నోరు మూసుకున్నాం? కారణాల్లో ఒకటి పైకి చెప్పుకోనిది. అది కాగితాల సంగతి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల గుర్తింపు మొదట హిందువులకే. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ ఇచ్చారు గానీ క్రైస్తవులకు ఇవ్వలేదు. ఇక్కడ ఆ కులాల నుంచి క్రైస్తవులైన మనల్ని బి.సి. ‘సి’లో పెట్టారు, వాటా ఒక్క శాతం. అందుకని సర్టిఫికెట్టు మీద ఒకటి, ఇంట్లో ఒకటి అయి ఎన్నో కుటుంబాలు నలిగిపోతున్నాయి. బిడ్డ సీటు పోతుందన్న భయంతో బడిలో ఏమీ మాట్లాడవద్దని చెబుతాం. అది మెల్లగా ఇంట్లో కూడా మాట్లాడకపోవడం అవుతుంది. ఆ తల్లిదండ్రులను నిందించడానికి నాకు నోరు రాదు. ఆ ఉత్తర్వు అన్యాయమని నా నమ్మకం, దాని మీద పోరాటం సాగాలి. అయితే కాగితం నింపేటప్పటి భయాన్ని సాయంత్రం ప్రార్థనలోకి రానివ్వవద్దని మాత్రం వేడుకుంటున్నాను. ఏ ఉత్తర్వూ మన ఇంటి గడప లోపల నోరు కట్టేయలేదు.

బయటివాళ్లకు చెప్పే విషయంలో కూడా ఒక మాట. మనది కంచర్ల గోపన్న పుట్టిన ఊరు. ఆయన గోల్కొండ చెరసాలలో పాడుకున్న కీర్తనలు ఈ రోజుకీ మన పొరుగిళ్లలో వినబడుతున్నాయి. ఊరి చివర బౌద్ధుల మహాస్తూపం ఉంది. ఇన్ని విశ్వాసాలను చూసిన ఊళ్లో, పొరుగువాడి దేవుణ్ణి మైకులో తిట్టడం సాక్ష్యం కాదు. దానివల్ల ఎవరూ ప్రభువు దగ్గరికి రాలేదు, మనసులు విరిగాయంతే. రాజ్యాంగం 25వ అధికరణం మన మతాన్ని పాటించే హక్కూ, ప్రచారం చేసుకునే హక్కూ ఇచ్చింది. ఎదుటివాణ్ణి మార్చే హక్కు అందులో లేదని 1977లో సుప్రీంకోర్టు చెప్పింది. దానికి మనం నొచ్చుకోవలసిన పని లేదు. మార్చడం ఎప్పుడూ మన చేతిలోది కాదు, దేవుని చేతిలోది. జబ్బుతో పడి ఉన్నవాళ్ల దగ్గర బేరాలు, పనికో డబ్బుకో ముడిపెట్టిన మాటలు మన సంఘంలో ఎక్కడా వినబడకూడదు. పొరుగింట్లో కష్టం వస్తే ముందు వెళ్లాలి, నాట్లప్పుడూ పెళ్లప్పుడూ చేయి వేయాలి. మీరెందుకు ఇలా ఉంటారని వాళ్లు అడిగినప్పుడు సిగ్గుపడకుండా యేసు పేరు చెప్పాలి.

గోపన్న పాటల్ని మన పొరుగువాళ్లు నిలబెట్టుకున్నారు. మరి మన పాటలో? పురుషోత్తమ చౌదరి గారు 19వ శతాబ్దంలోనే తెలుగు రాగతాళాల్లో ప్రభువు మీద కీర్తనలు కట్టారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. చదువు రాని మన అమ్మమ్మలకు ఆ పుస్తకంలో సగం నోటికి వచ్చు. అక్షరం తెలియకుండానే వాక్యం అంతా వాళ్లలోకి పాట ద్వారా దిగింది. కొత్త పాటలు వద్దనడం లేదు, వాటిలో మంచివి ఉన్నాయి. పాతవి పాడేవాళ్లు పోతే, ఆ రాగాలు పుస్తకంలో చదివి నేర్చుకోగలిగినవాళ్లు మనలో లేరని మాత్రం భయంగా ఉంది.

అందుకని నా మనవి ఇది. కుటుంబ ప్రార్థనలో కొంచెంసేపైనా సెల్‌ఫోను, టీవీ కట్టేసి మీ ఇంటి సాక్ష్యం చెప్పండి. బావి దగ్గర ఎవరు తోసేశారో, ఎవరు అన్నం పెట్టారో, ఏ ఉపదేశిగారు లాంతరు పట్టుకుని వచ్చి అక్షరాలు నేర్పారో, ఏ బైబిలు స్త్రీ పురుడు పోసిందో పేర్లతో సహా చెప్పండి. తప్పులు జరిగి ఉంటే, సంఘంలో కులం చూసి వేరుగా కూర్చున్న రోజులు ఉంటే, అవి కూడా దాచకండి. దాచిన సంగతి తరువాత తెలిస్తే పిల్లలు మిగతాది కూడా నమ్మరు. వాళ్లకు సందేహాలు వస్తే కసరకండి. హైదరాబాదు హాస్టల్లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలకు వాట్సాప్‌లో వాక్యం పంపి ఊరుకోకుండా, ఫోను చేసి తాతయ్య చేత మాట్లాడించండి. నమ్మాలా వద్దా అన్నది చివరికి వాళ్లే తేల్చుకుంటారు. దేన్ని నమ్ముతున్నామో, ఎందుకు నమ్ముతున్నామో తెలియజేయడం మాత్రం మన బాధ్యత.

ప్రతి ఇంట్లోనూ ఒక నోటుపుస్తకం పెట్టండి. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లల చేతే రాయించండి. బాప్తిస్మం తేదీలు గుర్తు లేకపోతే పాస్టరేటు రిజిస్టరు చూపించమని అయ్యగారిని అడగండి. ఎనభై ఏళ్లు దాటినవాళ్లు మన సంఘాల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే మిగిలారు. ఈ ఆదివారం ఆరాధన ముగిశాక వాళ్ల ఇళ్లతోనే మొదలుపెట్టండి.