అచ్చుగుద్దినట్టు ఉండని అచ్చులు

తండ్రీకొడుకులు ఒకే పోలికలో ఉంటే "అచ్చుగుద్దినట్టు ఉన్నారు" అంటాం. అచ్చు ఒకసారి తయారైందంటే, అందులోంచి వచ్చేవన్నీ ఒకటేనని మన భాష తీర్మానం. జపాను వాళ్ళ పాత చెక్క అచ్చు బొమ్మల దగ్గర ఈ తీర్మానం నిలబడదు. ఆ పనివాళ్ళ మాటలు ఒక్కొక్కటే తెలుసుకుంటూ పోతే, ఒకే పలక మీంచి లేచిన రెండు కాగితాలు కూడా ఒకటి కావని అర్థమౌతుంది. ఇంకోటి కూడా అర్థమౌతుంది: మనం ఒక్కడి పేరుతో పిలుచుకునే బొమ్మని నిజానికి నలుగురు చేశారని. ఈసారి మాటల ముచ్చట ఆ నలుగురి గురించి.

ముందు ఆ బొమ్మల పేరు: 'ఉకియో-ఎ'. 'ఎ' అంటే బొమ్మ. 'ఉకియో' అంటే మొదట్లో దుఃఖమయమైన ఈ లోకం, బౌద్ధుల దృష్టిలో వదిలించుకోవాల్సినది. పదిహేడో శతాబ్దం వచ్చేసరికి పలకడం అలాగే ఉంచి, రాసే అక్షరం మార్చి, 'తేలిపోయే లోకం' అన్న అర్థంలో వాడటం మొదలుపెట్టారు. ఎలాగూ నిలిచేది కాదు కదా, ఉన్నంతసేపు నాటకాలూ వేడుకలూ చూసి పోదాం అని! చావుపుట్టుకల చక్రంగా మొదలైన మన 'సంసారం' ఇల్లూ పిల్లల దాకా దిగొచ్చింది. వాళ్ళ మాట ఎడో నగరపు నాటకశాలల వీధిలోకి దిగింది. ఆ ఎడోయే ఇప్పటి టోక్యో.

ఇక నలుగురు. మొదటివాడు 'హన్‌మొతో'. 'హన్' అంటే అచ్చు పలక, 'మొతో' అంటే మూలం. పలకలకి మూలమైనవాడు, అంటే ప్రచురణకర్త. ఏ బొమ్మ అమ్ముడుపోతుందో లెక్కవేసేది ఆయనే, మిగతా ముగ్గురికీ డబ్బులిచ్చేది ఆయనే. పలకలు ఎవరివైతే హక్కు కూడా వాళ్ళదే. ఎన్ని వందల ప్రతులు అమ్ముడైనా గీసినవాడికి ముందు మాట్లాడుకున్న డబ్బే. రాసిన కోడ్ కంపెనీకి వదిలేసి ఇంటికొచ్చే మాలాంటివాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

రెండోవాడు 'ఎషి', బొమ్మ గీసేవాడు. మనకి తెలిసిన పేర్లన్నీ వీళ్ళవే: హొకుసాయ్, హిరోషిగే, ఉతమారో. ఎషి పల్చటి కాగితం మీద సిరాతో గీసిచ్చేదాన్ని 'హన్‌షితా-ఎ' అంటారు. దాన్ని బోర్లించి చెర్రీ చెక్క పలక మీద అతికిస్తారు. గీత కనిపించేలా కాగితాన్ని పల్చన చేసి, గీతల్ని వదిలేసి చుట్టూ ఉన్న చెక్కని తొలిచేస్తారు. పని అయ్యేసరికి ఎషి స్వయంగా గీసిన కాగితం ముక్కలైపోతుంది. కాబట్టి మ్యూజియంలో 'అసలు బొమ్మ' కోసం వెతకడంలో అర్థం లేదు. అచ్చే అసలు.

ఆ తొలిచేవాడు మూడోవాడు, 'హోరిషి'. వీళ్ళలోనూ అంతస్తులున్నాయి. ముఖం, జుట్టు చెక్కే పనిని 'కషిరా-బొరి' అంటారు, అంటే తల చెక్కడం. అది చేయి తిరిగిన పెద్ద పనివాడిది. బట్టలూ మిగతా ఒళ్ళూ చెక్కడం 'దో-బొరి', అది చిన్నవాళ్ళ వంతు. నుదుటి దగ్గర వెంట్రుకలు మొదలయ్యేచోట గీతలు చూడండి. కుంచె అంత సన్నగా పోదు. అవి ఉలిలోంచి పుట్టినవి.

హొకుసాయ్‌కి ఈ సంగతి బాగా తెలుసు. కుర్రతనంలో కొన్నాళ్ళు చెక్కడం పని నేర్చుకున్నాడు మరి. ముసలితనంలో ప్రచురణకర్తకి ఉత్తరం రాస్తూ, తను గియ్యని కింది రెప్పని చెక్కేవాళ్ళు చేర్చొద్దనీ, ముక్కుల్ని వేరే వాళ్ళ బాణీలోకి మార్చొద్దనీ మొరపెట్టుకున్నాడు. ఎగవా తొమెకిచి అనే పనివాడి చేతికే ఇవ్వమని పేరు పెట్టి మరీ అడిగాడు. ఆ పేరు మనదాకా వచ్చింది. ఎక్కువమందివి రాలేదు.

నాలుగోవాడు 'సురిషి', అచ్చు వేసేవాడు. 1765లో సుజుకి హరునొబు బొమ్మలతో 'నిషికి-ఎ' మొదలైంది. 'నిషికి' అంటే జరీపట్టు. అన్ని రంగులన్నమాట. రంగు రంగుకీ పలక మారుతుంది. మరి రంగు గీత దాటకుండా కాగితం ప్రతిసారీ అదే చోట ఎలా పడుతుంది? ప్రతి పలక అంచునా రెండు గాట్లుంటాయి, ఒకటి మూల మలుపులా, ఇంకోటి అడ్డగీతలా. కాగితాన్ని వాటికి ఆనించి పరుస్తారు. వాటి పేరు 'కెంతో'. మామూలు జపనీసు మాటల్లో కూడా కెంతో అంటే అంచనా. 'కెంతో-చిగాయ్' అంటే అంచనా తప్పడం.

రంగు అద్దిన పలక మీద తడి కాగితం పరిచి, పైనుంచి 'బరెన్'తో రుద్దుతారు. వెదురు పట్ట చుట్టిన గుండ్రటి బిళ్ళ అది. యంత్రం లేదు, చేతి బలమే. ఆకాశం పైన ముదురుగా మొదలై కిందికొచ్చేకొద్దీ తేలిపోతుందే, అది 'బొకషి'. పలక మీద ఆ తేడా ఎక్కడా చెక్కి ఉండదు. ప్రతి కాగితానికీ ముందు సురిషి రంగుని తడితో పల్చన చేసుకోవాలి, రెండొందల కాగితాలకి రెండొందల సార్లు. అసలు రంగే లేకుండా ఒత్తి, తెల్ల బట్ట మడతల్ని కాగితంలో ఉబ్బెత్తుగా తేవడం 'కరాజురి', ఖాళీ అచ్చు. ఫొటోలో అది కనపడదు. కాగితాన్ని పక్కవాటు వెలుతుర్లో చూడాల్సిందే.

హొకుసాయ్ 'ఎర్ర ఫుజి' ఎరుపుకి పెట్టింది పేరు కదా! తొలి ప్రతుల్లో ఆ కొండ లేత గులాబీ ఛాయలో ఉంటుంది. చిక్కటి ఎరుపు తర్వాతి ప్రతులది. ఏది హొకుసాయ్ బొమ్మ? గీత వరకు రెండూ. రంగు మాత్రం సురిషి చేతి సంగతి.

ప్రపంచమంతా ఎరిగిన 'పెద్ద అల' మీద సంతకం చూడండి: 'హొకుసాయ్ అరతమె ఇయిత్సు హిత్సు', అంటే హొకుసాయ్ పేరు మార్చుకున్న ఇయిత్సు కుంచె. 'హిత్సు' అంటే కుంచె. ఎంత నిజాయితీగల సంతకమో! కుంచె నాది అన్నాడు, బొమ్మంతా నాది అనలేదు. ఆ తేడాని చెరిపేసింది తర్వాతివాళ్ళే. పందొమ్మిదో శతాబ్దం మధ్యకి కొందరు చెక్కేవాళ్ళు మూలన చిన్న ముద్రలో 'హోరి' అని వేసి, పక్కన తమ పేరులో ఒక ముక్క పెట్టుకోగలిగారు. అచ్చువేసేవాళ్ళకి ఆపాటి చోటు కూడా అరుదే.

1904లో యమమొతో కనయె ఒక జాలరి బొమ్మని తనే గీసి, తనే చెక్కి, తనే అచ్చువేశాడు. అక్కణ్ణించి పెరిగిన ఉద్యమం ఆ మూడు 'తనే'లని గర్వంగా చెప్పుకుంది. కళ అంటే ఒక్కడి ఆత్మ అన్న ఆలోచన అది. కాదనను. కానీ అంతకుముందు వందేళ్ళకి పైగా నలుగురి చేతుల్లో నలిగిన బొమ్మలకి ఆత్మ తక్కువైందని ఎవరనగలరు?

ఈసారి అలాంటి బొమ్మ ఎదురైతే పేరు చదివి ముందుకెళ్ళిపోకండి. రంగు ఎక్కడైనా గీత దాటి వెంట్రుకవాసి పక్కకి జరిగిందేమో చూడండి. ఆ కెంతో తప్పిన చోట ఒక మనిషి నిలబడి ఉంటాడు. అతని పేరు మనకి తెలియదు. అతని పని పేరు మాత్రం తెలుసు: సురిషి.