పరలోక పౌరసత్వం, భూలోక హక్కులు

క్రీ.పూ. 42లో బ్రూటస్, కాసియస్‌ల సేనలు ఓడిన రణరంగంగా పేరుపడిన ఫిలిప్పీ, ఆ తరువాత సైన్యం నుంచి విరమించినవారికి అక్కడే భూములివ్వడంతో రోమన్ కొలోనియాగా, అంటే రోముకు ఎంతో దూరంలో ఉన్నా రోము చట్టమూ ఆచారమూ చెల్లే వలసపట్టణంగా మారింది. ఆ ఊరి విశ్వాసులకు చెరలో ఉండి రాసిన లేఖలో పౌలు వారి పౌరసత్వం పరలోకంలో ఉందన్నప్పుడు ఆ మాటలోని భావం వారికి వేరే చెప్పవలసిన పని ఉండదు. అక్కడి రోమన్ పౌరుడెవడూ మూటాముల్లె సర్దుకొని రోము ప్రయాణానికి ఎదురుచూడలేదు, ఉన్నచోటనే రోము పద్ధతిని నిలిపాడు. పౌలు కూడా రక్షకుడు అక్కడినుంచి వస్తాడని ఎదురుచూడమన్నాడే గాని ఉన్న ఊరిని విడిచిపొమ్మనలేదు.

తెలుగు సంఘాల్లో మాత్రం 'పరదేశులము, యాత్రికులము' అన్న భావం సమాధుల తోట దగ్గర ఇచ్చే ఓదార్పుగా ఎంత బలంగా నిలిచిందో, బతికున్నవారి హక్కుల ప్రస్తావన వచ్చినప్పుడు నోరు మూయించే సాకుగానూ అంత తేలికగా పనికివచ్చింది. లోకసంబంధమైనవాటిని అడగరాదని బోధించేవారు అపొస్తలుల కార్యముల 16వ అధ్యాయాన్ని ఎందుకో త్వరగా దాటిపోతారు. అదే ఫిలిప్పీలో పౌలునూ అతని సహచరుణ్నీ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి చెరలో వేయించిన న్యాయాధిపతులు మరునాడు గుట్టుగా వెళ్లిపొమ్మంటే, పౌలు తన రోమన్ పౌరసత్వాన్ని చాటి, వారే స్వయంగా వచ్చి తమను బయటికి తీసుకుపోవాలని పట్టుబట్టాడు; వారు భయపడి వచ్చి బతిమాలుకున్నారు. పరలోక పౌరసత్వాన్ని బోధించినవాడే భూలోకపు హక్కును అంత గట్టిగా అడిగాడు.

అలా అడగవలసిన హక్కు ఇక్కడి దళిత క్రైస్తవులకూ ఒకటుంది. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వులోని మూడో పేరా ఎస్సీ హోదాను మొదట హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు అది వర్తించింది. క్రైస్తవం స్వీకరించిన దళితులు, వారి సంతానం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కాలం నుంచి బీసీ-సీగా ఒక శాతం రిజర్వేషన్‌తో సరిపెట్టుకుంటున్నారు. బాప్తిస్మంతో పల్లెలో వారి వాడ మారలేదు, పెళ్లిసంబంధాల్లో కులం అడగడం ఆగలేదు, ఆ మాటకొస్తే సంఘంలోనూ ఆగలేదు. మారింది ధ్రువపత్రం ఒక్కటే. ఆ పేరాను సవరించమని కోరేవారిని విశ్వాసం చాలనివారిగా చూసే ప్రసంగీకులు పౌలు ఫిలిప్పీలో చేసినదాన్ని ఏమంటారో చెప్పవలసి ఉంది.