పిల్లలతో సముద్రతీరమునకు



సెలవులు వచ్చినంతనే పిల్లలు సముద్రము చూపుమని మారాము చేయుదురు. మా ధవళేశ్వరమునుండి పోదగిన తీరములను, మితవ్యయముతో విడిది నెన్నుకొను విధమును ఈ మాసమున విన్నవించుచున్నాము.

మొదట మా పొరపాటు చెప్పుకొందుము. క్రిందటి యేడు ఛాయాపటములను జూచి యొక విడిదికి సొమ్ము కట్టితిమి. సముద్రమున కెదురుగా నున్నదని వ్రాసిరి; నడుమ పెద్ద బాట గలదని వ్రాయలేదు. గది అద్దె తక్కువయే గాని, అదనపు పరుపునకు, పాలకు, వేడినీళ్ళకు వేర్వేఱుగా పుచ్చుకొనిరి. ఇదియెల్ల సైపవచ్చును. రెండవనాడు మోకాలిలోతున నిలిచిన మా యెనిమిదేండ్ల పిల్లను మరలిపోవు కెరటము కాళ్ళక్రింది యిసుకతో గూడ లాగివేసెను. తండ్రిచేయి అందినది గనుక బిడ్డ దక్కినది. గోదావరి యొడ్డున బుట్టినవారము, నీరు మాకు క్రొత్తయా యను గర్వము ఆనాటితో నణగినది.

నది వేఱు, సముద్రము వేఱు. రేవున మెట్టు మెట్టు దిగుచు లోతు తెలిసికొందుము. సముద్రమున నట్లు గాదు. కెరటములు ఒడ్డునకు దెచ్చిన నీరు ఒక్కొక్కచోట ఇఱుకుపాయగా గూడి వడిగా వెనుకకు బోవును. అచ్చట కెరటములు అంతగా విఱుగవు గనుక నీరు నెమ్మదిగా గనబడును. పిల్లలు అచ్చటికే పోదురు. అందు చిక్కినవారు ఒడ్డునకు ఎదురీదరాదు. తీరము వెంబడి ప్రక్కకు ఈది వెలుపలికి రావలెను.

ఇక తీరములు. కాకినాడ రేవునకు హోపుదీవి అడ్డుగా నుండి కెరటముల తాకిడిని తగ్గించును. చేరువనే కోరంగి మడ అడవులు పిల్లలకు వేడుక గొల్పును. ఉప్పాడ యొడ్డు కోతకు గురియగుచున్నది. చూచి రావచ్చును గాని స్నానమునకు దగదు. మా యానకట్ట దిగువ చీలిన వసిష్ఠ అంతర్వేది కడ సముద్రమున గలియును. క్షేత్రదర్శనము పుణ్యమే; సంగమమున ప్రవాహములు నిలుకడలేనివి గనుక పిల్లలను దింపరాదు. వసిష్ఠ యొడ్డుననే కొబ్బరితోటల నడుమ దిండి కలదు. అచ్చట బసచేసి పగలు అంతర్వేది చూచి రావచ్చును. దూరము పోగలవారికి విశాఖపట్టణమున ఋషికొండ కలదు. శుభ్రతను, భద్రతను బరీక్షించి యిచ్చు నీలిపతాకము దానికి 2020లో లభించినది. అక్టోబరు, నవంబరు నెలలు తుపానుల కాలము. 1996 నవంబరును కోనసీమవారు మఱవలేదు.

సొమ్ము కట్టకముందే టెలిఫోనులో ఇవి యడుగుడు: గదినుండి ఇసుకవఱకు ఎంత నడక? ఒడ్డున కాపరి యుండునా, ఏ వేళల నుండును? ఈతకొలను ఉన్నచో కంచె గలదా? పిల్లల పడకకు, భోజనమునకు వేఱుగా నెంత? రాత్రివేళ పాలు దొరకునా? వైద్యశాల యెంత దూరము? ఈ మొత్తమును గూడినపిదపనే రెండు విడుదుల వెలలను పోల్చవలెను. పండుగనాళ్ళను విడిచి పోయినచో అద్దె తగ్గుట కలదు.

నీటికడ నున్నంతసేపు పెద్దలలో నొకరు బిడ్డకు చేచాపు దూరముననే యుండవలెను. ఫొటోలు తీయుపని వేఱొకరికి అప్పగింపుడు.