ఆ ఒప్పందం మీద మన సంతకం ఏది?



విదేశీ ఫౌండేషన్ డబ్బులిస్తుంది. ఢిల్లీలోని పరిశోధనా సంస్థ చేతులు కలుపుతుంది. రాష్ట్ర ప్రభుత్వం సిబ్బందిని పంపుతుంది. అన్ని సంతకాలూ అయిపోయాక సూది మాత్రం మన పిల్లల జబ్బకు దిగుతుంది. "అంతర్జాతీయ భాగస్వామ్యం" అంటే మన గూడేలు చూసింది ఇదే.

ఊరికే అనట్లేదు. 2009 జూలైలో అప్పటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు హెచ్‌పీవీ టీకాలు మొదలుపెట్టారు. దాదాపు 14 వేల మందికి వేశారు. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండి చదువుకునే ఆదివాసీ పిల్లలు. నడిపింది అమెరికాకు చెందిన పాథ్ సంస్థ, డబ్బు గేట్స్ ఫౌండేషన్‌ది. ఐసీఎంఆర్ 2007లోనే పాథ్‌తో ఒప్పందం చేసుకుంది.

మరి తల్లిదండ్రుల్ని ఎవరడిగారు? పరిశీలించిన 9,543 అంగీకార పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలున్నాయి. 2,763 మీద హాస్టల్ వార్డెన్లు, ప్రిన్సిపాళ్లే సంతకం పెట్టేశారు. పోలవరమో భద్రాచలమో సంతకెళ్లిన అమ్మానాన్నలకు బిడ్డకు ఏం సూది వేశారో కూడా తెలీదు.

గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇదే ప్రాజెక్టు నడిచింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయాక, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. అయితే అంగీకారం తీసుకున్న పద్ధతిని తప్పుపట్టింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం పాథ్‌నీ ఐసీఎంఆర్‌నీ గట్టిగా నిలదీసింది.

ఇది చదివి టీకాలే వద్దనకండి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను ఆపే టీకా మన అక్కచెల్లెళ్లకు కావాలి. సికిల్ సెల్ మీద పరిశోధన ఆగిపోతే ముందు నష్టపోయేది మనమే. మనం అడిగేది ఒక్కటే: సంతకాలు కాకముందే మన మాట అడగాలి.

అది కుదరని పనేం కాదు. దక్షిణాఫ్రికాలో శాన్ ఆదివాసులు 2017లో తమ సొంత పరిశోధనా నియమావళి ప్రకటించారు. తమ దగ్గరికొచ్చే పరిశోధకులు గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ పాటించాలన్నారు. దాన్ని తయారుచేసుకోవడానికి యూరోపియన్ యూనియన్ నిధులిచ్చిన ప్రాజెక్టే తోడ్పడింది. అంటే విదేశీ డబ్బుతోనే షరతులు మన వైపు నుంచి కూడా రాయొచ్చు.

మనమూ రాద్దాం. ప్రాజెక్టు కాగితాన్ని గ్రామసభలో కోయలో, గోండీలో, కువిలో చదివి వినిపించాలి. వార్డెన్ సంతకం అమ్మానాన్నల సంతకం కాదు. ఎవరికైనా ఏమన్నా అయితే ఎవరు చూస్తారో ముందే రాసివ్వాలి. తేలిన ఫలితం గూడేనికి తిరిగొచ్చి చెప్పాలి.

నర్సింగో, బీఎస్సీయో చదివిన తమ్ముడూ, చెల్లీ! ఎథిక్స్ కమిటీలో సామాన్యుల ప్రతినిధి ఒకరుండాలని నిబంధనే ఉంది. ఆ కుర్చీలో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీ జిల్లాలో అడగండి. ఈసారి ఎవరన్నా రక్తం శాంపిల్ కోసం మీ ఊరొస్తే, ముందు ఒప్పందం కాపీ చూపించమనండి.

జై ఆదివాసీ!