వదిలివేసిన వాక్యం

కంప్యూటర్ శాస్త్రానికి సంబంధించిన ఒక పాఠ్యగ్రంథాన్ని తెలుగు చేస్తూ నేను ఒక వాక్యం వదిలివేశాను. ఆంగ్ల సాహిత్యం చదువుకున్న నాకు అది పునరుక్తిగా తోచింది.

సమస్య ఇది. కాగితం మీద అడ్డదిడ్డంగా గీసిన గీతలలో ఏ రెండైనా ఖండించుకొంటున్నాయా? వినోదం కోసం అడిగే ప్రశ్న కాదు. చిప్‌లో ఒకే పొర మీద కలవకూడని తీగెలు కలిస్తే అది పనికిరాదు. నమూనా దశలోనే తేల్చుకోవాలి. ప్రతి గీతనూ తక్కిన అన్నింటితో పోల్చవచ్చు గాని, లక్ష గీతలుంటే దాదాపు 500 కోట్ల పోలికలవుతాయి!

1976లో షామోస్, హోయీ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వేరొక మార్గం ప్రకటించారు. ఒక రూళ్లకర్రను నిలువుగా పట్టుకొని ఎడమనుంచి కుడికి జరుపుతున్నారనుకోండి. (మూలంలోని మాటకు ‘ఊడ్చే గీత’ అని అర్థం, నాకు రూళ్లకర్రే నచ్చింది.) దానికి ఆ క్షణాన తగులుతున్న గీతలను మాత్రమే పైనుంచి కిందికి వరుసగా గుర్తుంచుకోవాలి. రెండు గీతలు కలవబోయే ముందు ఆ వరుసలో ఇరుగుపొరుగు కాక తప్పదు. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. కనుక కర్ర అన్నిచోట్లా ఆగనక్కరలేదు. గీతల కొసల దగ్గర ఆగితే చాలు. కొత్త గీత తగిలినప్పుడు దానిని పై పొరుగుతో, కింది పొరుగుతో పోల్చాలి. వరుసను చెట్టు కొమ్మలవలె సమంగా అమర్చుకొంటే, లక్ష గీతల నడుమనైనా దాని చోటు ఇరవై, పాతిక పోలికలలో దొరుకుతుంది.

నేను వదిలిన వాక్యం గీత ముగిసే చోటుకు సంబంధించినది. అది తప్పుకోగానే దాని పైదీ కిందిదీ కొత్తగా పొరుగులవుతాయి. ఆ రెండింటినీ పోల్చాలి.

మా మేనల్లుడు నా చిత్తుప్రతి చూసి ప్రోగ్రాం రాశాడు. మూడే గీతలతో పరీక్షించాడు. మొదట ఒక పొట్టి గీత. తరువాత దాని పైన ఒకటి, కింద ఒకటి పొడుగువి. పొట్టిది ముగిసిన తరువాత ఆ రెండూ కలుస్తాయి. కంప్యూటర్ మాత్రం ‘ఖండన లేదు’ అన్నది.

“మామయ్యా, మధ్యవాడు వెళ్లిపోయాక వీళ్లిద్దరినీ ఎవరు చూస్తారు?” అన్నాడు.

1979లో బెంట్లీ, ఒట్‌మన్ ఈ పద్ధతిని విస్తరించి, ఖండన బిందువులన్నింటినీ రాబట్టారు. కలిసిన చోట రెండు గీతలూ వరుసలో స్థానాలు మార్చుకొంటాయి. అయితే ఖండనలు మరీ ఎక్కువైతే పాత మొరటు పద్ధతే నయం. దశాంశాలను సవరించడంలో వచ్చే స్వల్పదోషం కూడా వరుసను తారుమారు చేయగలదు. ఈ రెండు హెచ్చరికలనూ నేను వదలలేదు.

ప్రతి ఇంకా అచ్చుకు వెళ్లలేదు. ఆ రాత్రే వాక్యాన్ని దాని చోట చేర్చి, మేనల్లుడి మూడు గీతలను పక్కన బొమ్మగా వేయించాను.